ఆఖరి పాట అయిపోయాక

రాచర్ల దాటి లోపలికి తిరిగే రోడ్డు మీద ఒక కల్వర్టు ఉంది. దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ ఎవరో ఆడపిల్ల "అన్నా..." అని పిలుస్తుందట. ఇంతవరకూ ఆగినవాడు ఎవడూ లేడు కాబట్టి, ఆగితే ఏమవుతుందో ఊళ్లో ఎవరికీ తెలియదు.

సురేంద్ర మాత్రం రోజూ రాత్రి తొమ్మిదికి ఆ కల్వర్టు దాటాల్సిందే. చెల్లెలు పావని గిద్దలూరులో బట్టల షాపులో పని చేసి, ఆఖరి బస్సుకు క్రాస్‌రోడ్డులో దిగుతుంది. అతను కారులో పోయి తీసుకొస్తాడు. ఒక్కరోజు కుదరదన్నా చాలు, తల్లి గంగమ్మ మొదలుపెడుతుంది — "పని మానిపించు. ఆ దారిన పిల్ల రావద్దు."

పావనికి ఆ పనంటే ప్రాణం. అందుకే సురేంద్ర ఎంత భయమేసినా ఇంట్లో నోరు మెదపడు.

కారు సెకండ్ హ్యాండుది. పెన్‌డ్రైవ్ పెట్టే చోటు లేదు, సీడీ ఒక్కటే ఆడుతుంది. భయం తెలియకుండా ఏదో ఒక పాట ఉండాలని గిద్దలూరు పాత సామాన్ల దుకాణంలో వెతికాడు. సినిమా పాటల సీడీలన్నీ గీతలే. ఒక్కటే అద్దంలా మెరుస్తోంది — ఇంగ్లండు బ్యాండుది. ఈ చుట్టుపక్కల దాన్నెవరూ విని ఉండరు, అరగకపోవడానికి అదే కారణం. అట్ట మీద ముగ్గురు బక్క కుర్రాళ్లు, ఒక పిల్ల, నలుగురివీ నేల చూపులే. ముప్పై ఏళ్ల కిందట ఆ దేశంలో దానికి చాలా పేరని పావని ఫోన్లో చూసి చెప్పింది.

ఒక రాత్రి, ముందురోజు ఆగిన చోటి నుంచి సీడీ మొదలై, ఊరు దాటేలోపే ఆఖరి పాట అయిపోయింది. గిటార్లు ఆగాయి... ఇంజను చప్పుడు తప్ప ఇంకేం లేదు... లైట్ల వెలుగులో కల్వర్టు గోడ కనపడింది...

"అన్నా..."

ఆడగొంతు. కార్లోనే. చెవి పక్కనే.

సురేంద్ర వెనక్కి చూడలేదు. చేతికందిన బటన్లన్నీ నొక్కేసి, కారును ఉరికించాడు. క్రాస్‌రోడ్డు చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

"ఏందన్నా, అట్లున్నావ్?" అంది పావని.

"పిలిచింది పావనీ... కార్లోనే."

పావని ఏ పాట తర్వాతో అడిగి, ఆఖరి పాట మళ్లీ పెట్టింది. పాట అయిపోయాక కూడా ప్లేయర్లో అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. పదకొండో నిమిషంలో —

"అన్నా..."

వెంటనే గిటారు మొదలైంది.

"పాట అయిపోలే. మధ్యలో ఖాళీ పెట్టి, చివర్న ఇంకొకటి దాచినారు," అంది పావని. "అన్నా అంటే వాళ్లల్లో ఆడపిల్ల పేరు. నిన్ను కాదులే."

సురేంద్రకు ప్రాణం లేచొచ్చింది. చెల్లెలి పనికి ఢోకా లేదు. అమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత వారమంతా కార్లో అదే సీడీ. కల్వర్టు దగ్గరికి రాగానే "అన్నా..." అని వినపడేది. సరిగ్గా అక్కడికే ఎట్లా వస్తోందా అని ఒకసారి ఆలోచించాడు కూడా. ఆ బ్యాండు మీద గౌరవం పెరిగిందే తప్ప వేరే అనుమానం రాలేదు.

శనివారం రాత్రి రెండుసార్లు వినపడింది. ఒకటి కాస్త గట్టిగా. సురేంద్ర రోడ్డు పక్కకు చూడకుండా నవ్వుకుంటూ పోయాడు.

క్రాస్‌రోడ్డులో పావని లేదు. ఫోను మోగింది.

"పిలిస్తే నవ్వుకుంటా పోతివేంది? బస్సు ముందే వచ్చిందని కల్వర్టు దాకా నడుచుకుంటా వచ్చినా."

"చీకట్లో... ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే ఏం కాదు. ఇక్కడొక పిల్ల తోడుంది. నాతో పాటు ఆమె గూడా పిలిచింది..." పావని గొంతు తగ్గించింది. "పాపం, రోజూ పిలుస్తా ఉందంట. నువ్వే ఆగట్లేదంట."

సురేంద్ర ప్లేయరు ఆపి, కారు వెనక్కి తిప్పాడు. ఈసారి ఆగక తప్పదు.