మూడో అతుకు

ఆ ల్యాబులో పొద్దుపోయాక ఎవరూ ఒంటరిగా ఉండరు. ఎవరో సబ్బునీళ్లు గిలక్కొడుతున్న చప్పుడు వినిపిస్తుందట... చిలక్, చిలక్ అని.

అక్కడ పూర్వం ఒక ముసలి ఫిట్టరు ఉండేవాడు. గ్యాసు గొట్టం ఎక్కడ బిగించినా, అతుకు మీద సబ్బునురగ పూసి, బుడగ లేవడం లేదని చూస్తేగానీ కదిలేవాడు కాదు. అందరూ నురగ తాత అనేవారు. ఒకరోజు అక్కడే, సబ్బునీళ్ల మగ్గు పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

తాత పోయిన కొన్నాళ్లకి, ఒక రాత్రి పని అతని శిష్యుడి నెత్తిన పడింది. కొత్త పరీక్ష యంత్రానికి హైడ్రోజన్ గొట్టం కలపాలి, తెల్లారేసరికి అది నడవాలి. ఇంట్లో పాపకి జ్వరం. రెండు రాత్రులుగా అతనికి కంటి మీద కునుకు లేదు.

ఫోను మోగింది. భార్య.

“ఏమండీ, మీరొస్తేగానీ పడుకోనంటోంది...”

“ఇదిగో, వచ్చేస్తున్నా.”

గొట్టానికి మూడు అతుకులు. గ్యాసు వదిలి, సిలిండరు దగ్గరి రెండింటికీ నురగ పూసి చూశాడు. మూడోది యంత్రం వెనక. దాన్ని జరపాలి, నేల మీద పాకాలి. ఒళ్లు పులిసిపోయి ఉంది.

‘గట్టిగానే బిగించాగా... ఏం కాదులే.’

మగ్గు కడిగి బోర్లించాడు. ఇక మీట నొక్కితే యంత్రంలో చిన్న మంట వెలుగుతుంది. పని అయిపోయినట్టే.

వేలు మీట మీద పెట్టాడు —

చిలక్... చిలక్...

యంత్రం వెనక నుంచే.

వంగి, టార్చి వేసి చూశాడు. మూడో అతుకు నిండా తెల్లటి నురగ. అందులోంచి బుడగ... మరో బుడగ... లేస్తూనే ఉన్నాయి.

గ్యాసు కారుతోంది! ఆ మీట నొక్కి ఉంటే...

పరుగున వెళ్లి సిలిండరు కట్టేశాడు. కిటికీలన్నీ తెరిచాడు. గడియ తీసి బయటపడ్డాడు.

“లోపలికి నువ్వేమైనా వచ్చావా?” అని గుమ్మం దగ్గరి వాచ్‌మన్‌ని అడిగాడు.

“నేనా?” అన్నాడతను. “గడియ నువ్వే పెట్టుకున్నావు కదన్నా!”

మెట్ల మీదే కూలబడ్డాడు. పాప మొహం కళ్లలో మెదిలి ఏడుపొచ్చింది. గ్యాసంతా పోయాక లోపలికెళ్లి, యంత్రాన్ని జరిపి, అతుకు విప్పి మళ్లీ బిగించాడు. బోర్లించిన మగ్గు పొడిగా అలాగే ఉంది. దాన్నే తీసుకుని కొత్తగా నురగ చేసి, మళ్లీ గ్యాసు వదిలి, మూడింటికీ మొదటి నుంచి పూశాడు. ఒక్క బుడగా లేవలేదు. అప్పుడు మంట వెలిగించాడు.

దీపం ఆర్పి గడప దాటుతుంటే, చీకట్లో మళ్లీ మొదలైంది... చిలక్, చిలక్...

భయపడే ఓపిక కూడా లేదతనికి.

“చూశాను తాతా,” అన్నాడు మెల్లగా. “మూడూ చూశాను.”

చప్పుడు ఆగిపోయింది.