రోజుకి ఇరవై ఉత్తరాలు

“‘ప్రియమైన ఫస్ట్‌నేమ్ గారికి’ అని ఉత్తరాలు రాస్తున్నది ఎవరండీ ఇక్కడ?”

చేతికర్రల కార్ఖానా గుమ్మంలో నిలబడి, నీళ్ళు కారుతున్న గొడుగు ముడుస్తూ అడిగాడు ఆ అబ్బాయి. లోపల రంపపుపొట్టు మధ్య కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్న బుల్లి తలెత్తింది. అది పెదనాన్న పెట్టిన ముద్దుపేరు. కార్ఖానాలో అందరికీ అదే అలవాటైపోయింది.

“నేనేనండీ. ఏం కావాలి?”

“ఏమీ వద్దని చెబుదామనే వచ్చాను. మా అమ్మ ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతుంది. అక్కడి మెయిల్ చూసేది నేను. పొద్దుట్నుంచి మీ దగ్గర్నుంచి పదకొండు మెయిల్స్. పదకొండింట్లోనూ నా పేరు ఫస్ట్‌నేమే!”

బుల్లి నాలిక కరుచుకుంది. ‘ఫస్ట్‌నేమ్’ ఉన్నచోట ఎవరి పేరు వాళ్ళకి అదే పడుతుందన్నారు, ఆమెకి మెయిల్ అడ్రసుల లిస్టు అమ్మినవాళ్ళు.

“రెండ్రోజుల్లో మూడు వేల మందికి పంపానండీ. ఒక్కరూ పలకలేదు. పలికింది మీరొక్కరే.”

“పలకలేదు. పోట్లాడటానికి వచ్చాను.”

“ఏదైతేనేం, మనిషంటూ ఒకరు వచ్చారు కదా!”

అతనికి నవ్వాగలేదు. కోపం తెచ్చుకున్న మొహం మీద నవ్వు వస్తే ఎంత బాగుంటుందో బుల్లి ఆ రోజే చూసింది. చూసి, చటుక్కున కీబోర్డు వైపు తల తిప్పుకుంది.

వేరే దారిలేక ఆమె మొదలుపెట్టిన పని అది. పదేళ్ళుగా వాళ్ళ కర్రలన్నీ ఒకే మందుల షాపుల కంపెనీ కొనేది. ఆ కంపెనీ ఉన్నట్టుండి ప్లాస్టిక్ కర్రలకి మారిపోయింది. కార్ఖానాలో ఆరుగురు పనివాళ్ళు. మూడు నెలల్లో కొత్త ఆసుపత్రులు దొరకకపోతే తలుపులు మూసుకోవడమే. అమ్మానాన్నలు లేని తనని పెంచిన పెదనాన్న, ఆ మాట పైకి అనకుండా చెక్కని నున్నగా చేసుకుంటూ కూర్చోవడం ఆమె చూడలేకపోతోంది.

ఇంతలో పెదనాన్న, సగం చెక్కిన కర్ర చేతపట్టుకుని, లోపలి గదిలోంచి కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చాడు.

“బుల్లీ, మన పాత డాక్టరుగారికి రాసిన మెయిల్ తిరిగొచ్చేసిందేమిటే? అది ఎప్పుడూ పోయే అడ్రసేగా?”

అబ్బాయి అడక్కుండానే కుర్చీ లాక్కుని తెరకేసి చూశాడు. మొహంలో నవ్వు మాయమైంది.

“మీ కంపెనీ పేరు మీదే మూడు వేలు గుమ్మరించారు కదా. చాలామంది స్పామ్, అంటే చెత్త మెయిల్, అని నొక్కి ఉంటారు. ఇప్పుడు మీ పేరుతో ఏది వచ్చినా గుమ్మంలోనే ఆపేస్తున్నారు. మంచి ఉత్తరాలు కూడా.”

బుల్లి కీబోర్డు పక్కకి తోసేసింది. ఉన్న కాస్త పరువూ తన చేతులతోనే పోగొట్టిందన్నమాట.

“మరి... ఇది కాకుండా, మెయిల్స్ పంపిపెట్టే వేరే ప్రొవైడర్‌ని తీసుకుంటే?” కాగితం తీసింది. మూడు పేర్లు రాసి ఉన్నాయి. మూడోదాని కింద రెండు గీతలు.

అతను చదివి, మూడోదాని మీద వేలు పెట్టాడు. “ఇది నేను పనిచేసే కంపెనీ. ఇది మాత్రం వద్దు.”

“ఏం? మాలాంటి చిన్నవాళ్ళు మీ కంటికి ఆనరా?”

“అది కాదండీ, మీరు చెయ్యాలనుకుంటున్న పనికి...”

“అర్థమైంది. మీ అమ్మగారి అడ్రస్ తీసేస్తాను. ఇక వెళ్ళిరండి.”

గొడుగు మళ్ళీ విప్పుకుంటూ అతను వెళ్ళిపోయాడు. “కుర్రాడు ఏదో చెప్పబోయాడే,” అన్నాడు పెదనాన్న. బుల్లి విననట్టే ఉంది.

మర్నాడు పంతం కొద్దీ అదే కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఒకావిడ గొంతులో తేనె ఒలికిస్తూ, యాభై వేల మందికైనా పంపుకోవచ్చు, ఏడాదికి కట్టేయండి చాలు అంది.

పక్కనే ఉన్న పెదనాన్న అడిగాడు. “ఆవిడ మనం ఏం చేస్తామో అడిగిందా?”

“లేదు.”

“నిన్నటి కుర్రాడు మాట్లాడుతూనే మధ్యమధ్య నా చేతిలో కర్ర పిడి వంక చూస్తున్నాడు. నేను గమనించా.”

బుల్లి ఫోన్ పెట్టేసి, ఆ కంపెనీ షరతులు మొదటి అక్షరం నుంచి చదవడం మొదలెట్టింది. తొమ్మిదో పేజీలో దొరికింది. ఉత్తరాలు కావాలని అడిగినవాళ్ళకే పంపాలి. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి పంపితే అకౌంట్ మూసేస్తారు, కట్టినది తిరిగి ఇవ్వరు. సొంత కంపెనీకి వచ్చిన బేరాన్ని కాలదన్ని మరీ అతను చెప్పబోయిన మాట అదే!

మధ్యాహ్నం భోజనాల వేళకి అతని ఆఫీసు కింద నిలబడింది.

అతను మెట్లు దిగుతూ ఆగిపోయాడు. “మీరా? మళ్ళీ మెయిల్ ఏమైనా తిరిగొచ్చిందా?”

“సారీ చెప్పడానికి వచ్చాను.”

“చెప్పండి.”

“చెప్పాను కదా!”

“వచ్చానన్నారు. చెప్పలేదు.”

“సారీ. చాలా? ఇంకో రెండు చెప్పమంటారా?”

“మిగతావి దాచుకోండి. నాతో పరిచయమంటే అవసరం పడతాయి.”

ఇద్దరూ నవ్వుకున్నారు. టీ తాగుతూ ఆమె అడిగింది. “మీ కంపెనీ వద్దని మీరే చెబితే, పైవాళ్ళు ఊరుకుంటారా?”

అతను కప్పు కింద పెట్టాడు. “ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక పెద్దాయనకి మా సర్వీసు అమ్మాను. పూలకుండీలు చేసేవాడు. ఏమీ విడమర్చి చెప్పలేదు. పదిరోజులకి ఆయన అకౌంట్ మూసేశారు. పాత కొనుగోలుదారుల అడ్రసులన్నీ అందులోనే ఉన్నాయి. ఏడుస్తూ ఫోన్ చేశాడు. ఎత్తింది నేనే.” కప్పుని పక్కకి జరిపాడు. “అప్పట్నుంచి సరిపడనివాళ్ళకి వద్దని చెబుతున్నాను. ఇప్పటికి రెండుసార్లు చీవాట్లు తిన్నాను.”

ఆ క్షణంలో బుల్లికి అతని మీద కలిగినది గౌరవమే. ఇంకేదో కూడా కలిసి ఉంది కానీ, అప్పుడే పేరు పెట్టబుద్ధి కాలేదు.

మర్నాటి నుంచి ఆఫీసుకి వెళ్ళేముందు ఓ గంట అతను కార్ఖానాకి వచ్చేవాడు. పెదనాన్న అతనికి ‘పోస్ట్‌మాస్టర్’ అని పేరు పెట్టేశాడు.

పోస్ట్‌మాస్టర్ గారి మొదటి ఉత్తర్వు, కొన్న లిస్టు చెత్తబుట్టలో పడెయ్యమని. రెండోది, ఈ పనికోసం విడిగా ఒక డొమైన్, అంటే మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు, తీసుకోమని. ఎందుకంటే, ఏదైనా తేడా వచ్చినా కార్ఖానా అసలు పేరు చెడిపోకూడదు. మూడోది ఆమెని ఆశ్చర్యపరిచింది. వేలకి వేలు పంపే గొప్ప సర్వీసులేవీ అక్కర్లేదట. బుల్లి కాగితంలో రెండో పేరు చాలట. మామూలు ఆఫీసులు వాడుకునే సాదాసీదా మెయిల్‌బాక్స్.

“ఇంతేనా? దీనికోసం మూడు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను!”

“ఇంతే. ఉత్తరం నిజంగా మీరే పంపారని రుజువు చేసే సంతకాలు మూడున్నాయి, అవి పెడదాం. మొదటి వారం రోజుకి ఐదు. తర్వాత పది. ఇరవై దాటకూడదు. వద్దన్నవాళ్ళకి మళ్ళీ రాయకూడదు.”

“రోజుకి ఇరవయ్యా? నాకున్నవి మూడు నెలలే!”

“మూడు వేలకి ఎంతమంది పలికారు?”

“ఒకరు.” ఓరగా చూసింది. “అదీ పోట్లాటకి.”

“మరింకేం!”

ఆమె రాసేది, అతను కొట్టేసేవాడు.

“‘ప్రపంచస్థాయి నాణ్యత’ తీసేయండి. కర్రకి ప్రపంచంతో పనేముంది? అరచేతితో పని.”

“మీరైతే ఏం రాస్తారో?”

“మీ పెదనాన్నగారు పిడి చేసేముందు ఏం చేస్తారో, అది.”

బుల్లి చాలాసేపు ఆలోచించింది. తర్వాత, పెదనాన్న ముసలివాళ్ళ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలి కింద ఎక్కడ నొప్పో అడిగి, అక్కడ చెక్కని పలచన చేస్తాడని రాసింది. నాలుగే వాక్యాలు. అతను చదివి ఏమీ కొట్టెయ్యలేదు. తెరకేసే చూస్తూ, “పంపండి,” అన్నాడు.

తొమ్మిదో రోజున మొదటి జవాబు వచ్చింది. “ప్రస్తుతం అవసరం లేదు. ధన్యవాదాలు.”

ఇద్దరూ ఎగిరి గంతేశారు. పనివాళ్ళు వింతగా చూశారు.

“వద్దన్నారుగా, ఆ సంబరమేమిటి?” అన్నాడు పెదనాన్న.

“చేరింది పెదనాన్నా! మనిషి చదివి రాశాడు!”

ఐదో వారంలో ఒక ఆసుపత్రి హెడ్‌నర్స్ రాసింది. పక్షవాతం వచ్చి ఎడమచేత్తో కర్ర పట్టుకుని నడవాల్సినవాళ్ళు ఆరుగురున్నారు, వాళ్ళకి సరిపడేవి చేస్తారా అని. చేసి పంపారు. నెల తిరక్కుండా ఆ ఆసుపత్రే రెండు వందల కర్రలు అడిగింది. దాని వెనకే ఇంకో రెండు ఆసుపత్రులు. మూడో నెల చివరికి, తలుపులు మూయాల్సిన కార్ఖానాలోకి ఏడో మనిషిని తీసుకున్నారు.

ఆ శనివారం అతను సంచీ సర్దుకుంటూ అన్నాడు. “ఇక మీకు నా అవసరం లేదండీ. అన్నీ వచ్చేశాయి మీకు. సోమవారం నుంచి రాను.”

బుల్లి సరేనంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. సోమవారం ఆ గంటంతా గుమ్మం వైపే చూసింది. మంగళవారం రాసిన ఉత్తరంలో నాలుగు తప్పులు.

పెదనాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. “పోస్ట్‌మాస్టర్ ఎందుకు రావట్లేదే?”

“పనైపోయిందిగా.”

“అతనిదా? నీదా?”

బుల్లి తప్పులు దిద్దడంలో పడింది. పెదనాన్న కవరొకటి ఆమె చేతిలో పెట్టాడు. “అతనికి థాంక్స్ చెబుతూ నేను రాశాను, పనివాళ్ళంతా సంతకాలు పెట్టారు. ఇచ్చిరా. సాయంత్రం వాళ్ళమ్మగారి క్లినిక్ దగ్గర స్కూటర్ మీద దింపుతా.”

క్లినిక్ ముందుగదిలో అతని తల్లి ఒక్కతే ఉంది. తానెవరో బుల్లి చెప్పబోతే ఆవిడే నవ్వింది.

“తెలుసమ్మా. రోజూ నీ ఉత్తరాలు చదివి వినిపించేవాడు. శనివారం నుంచి ఇంట్లో మాటా పలుకూ లేదు.”

వెనకగదిలోంచి వస్తున్న అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

బుల్లి కవరు అందించింది. “పెదనాన్న ఇమ్మన్నారు. పనివాళ్ళు ఏడుగురూ సంతకాలు పెట్టారు.”

అతను చదివాడు. కళ్ళు తడయ్యాయి. మడిచి జేబులో పెట్టుకుని, నెమ్మదిగా అన్నాడు.

“అందుకే రావడం మానేశానండీ. మీ అందరికీ నా మీద ఇంత కృతజ్ఞత. నేను అడగాలనుకున్నది అడిగితే, మీరు కాదనలేక ఔనంటారేమోనని భయం వేసింది.”

“కృతజ్ఞత ఆ కవర్లో ఉంది,” అంది బుల్లి. “అందులో నేను సంతకం పెట్టలేదు. చూసుకోండి.”

అతను మళ్ళీ కాగితం తీశాడు. ఒక్కొక్క పేరే చూశాడు. నిజమే. ఆమె సంతకం లేదు.

“నేను కాదనదలుచుకుంటే ఎంత గట్టిగా కాదంటానో మొదటి రోజే చూశారుగా. ఇప్పుడు అడగండి.”

“నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

“చేసుకుంటాను.”

అతని తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ బయటికి నడిచింది. రోడ్డుకి అవతల, స్కూటర్ పక్కన నిలబడి, సైకిల్ షాపు బోర్డుని అప్పటికి నాలుగోసారి చదువుతున్నాడు పెదనాన్న.

ఆవిడ గుమ్మంలో నిలబడి నోరారా పిలిచింది.

“అన్నయ్యగారూ! అక్కడే ఉండిపోయారేం? లోపలికి రండి!”