ఎనిమిదితో భాగిస్తే శేషం నాలుగు

ఒక లెక్క పూర్తిగా సరైనదై ఉండి కూడా తప్పు కాగలదా? నన్ను నేను ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా రైల్లో బెర్తు చివర ఒదిగి కూర్చున్న ఒక అమ్మమ్మ, ఆమె ముందు తల వంచుకుని నిలబడ్డ ఒక మనవరాలు నా కళ్ళ ముందుకు వస్తారు.

అది మధ్యాహ్నం. రైలు ఇంకా కదలలేదు. అమ్మమ్మ నాలుగో నంబరు బెర్తు మీద కాళ్ళు చాపుకుని ఉంది. ఆమెకు తుంటి ఎముక విరిగితే లోపల కడ్డీ వేశారు. అది కుదురుకుందో లేదో చూపించడానికే ఈ దూరప్రయాణం. "పడుకోబెట్టే తీసుకురండి. ఎక్కడాలు వద్దు. ఎక్కువసేపు కూర్చోబెట్టనూ వద్దు" అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. అడుగు బెర్తు దొరికేదాకా మనవరాలి అమ్మ ప్రయాణం వాయిదా వేస్తూ వచ్చింది.

అమ్మమ్మ పైనున్న ఐదో నంబరు, మధ్య బెర్తు. అది అమ్మకూ పిల్లకూ.

ఆ పిల్లను ఇంట్లో అందరూ లెక్కలమ్మ అంటారు. "దీని కడుపులో ఎలుకలు పరిగెత్తవు, ఎక్కాలు పరిగెడతాయి" అంటుంది అమ్మమ్మ.

రైలెక్కగానే లెక్కలమ్మ బెర్తుల గుట్టు కనిపెట్టింది.

"అమ్మా, ఒక్కో అరలో ఎనిమిది బెర్తులు. అటు మూడు, ఇటు మూడు, నడవ పక్కన రెండు. నంబరును ఎనిమిదితో భాగిస్తే చాలు. శేషం ఒకటిగానీ నాలుగుగానీ ఏడుగానీ వస్తే అడుగుది."

"ఇరవై ఎనిమిది?" అంది అమ్మ.

"అడుగుది!"

"యాభై?"

"మధ్యది!"

ఎదురుగా ఒకటో నంబరు మీద పసిపాపను ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ కూడా నవ్వింది.

అప్పుడే ఆవిడ భర్త ఒక ముసలావిణ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె రెండో చెయ్యి గాలిలో తడుముతోంది.

"అక్కా, ఒక్క సాయం చేస్తారా?" అన్నాడతను. "నాకూ మా అమ్మకూ పక్క బోగీలో వచ్చాయి. ఎనిమిది, పన్నెండు. పాపకు ఇంకా నెల కూడా నిండలేదు. అమ్మకు చూపు లేదు. అందరం ఒకచోట ఉంటే..."

"మాకు అడుగు బెర్తు లేకపోతే కుదరదు బాబూ. అవి కిందివా, పైవా?"

"ఇంకా చూడలేదక్కా. వస్తూనే ఇటు పరిగెత్తాం. ఉండండి, చూసొస్తా."

"పన్నెండును ఎనిమిదితో భాగిస్తే శేషం నాలుగు!" అంది లెక్కలమ్మ. "అడుగుదే. చూడక్కర్లేదు."

"మీ పాప నాకు పని తప్పించింది" అని అతను నవ్వాడు. అమ్మ సరేనంది.

అమ్మమ్మ కర్ర పట్టుకుని, అమ్మ భుజం మీద వాలి, ప్లాట్‌ఫారం మీదుగా పక్క బోగీకి చేరేసరికి చెమటతో తడిసిపోయింది. వాళ్ళు ఎక్కారో లేదో రైలు కదిలింది.

పన్నెండో నంబరు నడవ పక్కన ఉంది. పైన, కప్పుకు దగ్గరగా. ఎనిమిదీ పైనే.

నంబరు తప్పుగా అతికించారేమో అనుకుంది లెక్కలమ్మ. తరువాత అరను మళ్ళీ చూసింది. మధ్య బెర్తులే లేవు. అటు రెండు, ఇటు రెండు, నడవ పక్కన రెండు. రద్దీకని తగిలించిన వేరే రకం బోగీ అది. ఈసారి ఆరుతో భాగించింది. పన్నెండుకు శేషం లేదు. అంటే అరలో చివరిది, పైది. లెక్క ఇప్పుడూ సరిగ్గానే వచ్చింది. ఎందుకూ పనికిరాలేదు.

అమ్మ ఒక్కొక్కరినీ బతిమాలింది. ఏడో నంబరు పెద్దాయన తన నడుముకు కట్టుకున్న బెల్టు చూపించాడు. తొమ్మిదో నంబరు ఆవిడ నిండు గర్భిణి. ఆమెను అమ్మే అడగలేకపోయింది. పదకొండో నంబరాయన మాత్రం, "మార్చుకున్నది మీరు. మధ్యలో నేనేం చేశానమ్మా?" అని అటు తిరిగాడు.

"అడుగువి ఒక్కటీ ఖాళీ లేదు. రేపు పొద్దున దాకా ఇంతే" అన్నాడు టీసీ.

పెద్దాయన తన బెర్తు చివర కొంచెం చోటిచ్చాడు. అమ్మమ్మ అక్కడ ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. రైలు ఊగినప్పుడల్లా కళ్ళు మూసుకుని పక్కనున్న కడ్డీని పట్టుకుంటోంది.

"నాకేం, బాగానే ఉన్నా" అంది. ఆ గొంతు ఆమెది కానట్టుంది.

రాత్రంతా ఇలాగేనా? లెక్కలమ్మ అమ్మమ్మ ముందు తల వంచుకుని నిలబడింది.

"అక్కా అక్కా అంటూ ఎంత తియ్యగా మాట్లాడాడు!" అమ్మ కొంగు బిగించింది. "అన్నీ తెలిసే అంటగట్టాడు. ఉండు, నలుగురి ముందూ కడిగిపారేస్తాను."

చూసొస్తానన్నది అతనే. వద్దన్నది తను. ఆ సంగతి అమ్మకు గుర్తు లేదు. అమ్మ కోపం అటు పోతోంది. పోతే పోనీ అని ఒక్క క్షణం అనిపించింది లెక్కలమ్మకు. ఆ క్షణం ఎంతకీ గడవలేదు. అమ్మమ్మ ఆమె వైపే చూస్తోంది.

అమ్మ విసవిసా నడిచింది. లెక్కలమ్మ వెనకే పరిగెత్తింది. రెండు బోగీల మధ్య ఇనుప పలకలు కాళ్ళ కింద కదులుతున్నాయి.

వాళ్ళను చూడగానే అతను లేచి నిలబడ్డాడు. "రండక్కా! బెర్తులు బాగున్నాయా?"

అమ్మ నోరు తెరిచింది. లెక్కలమ్మ ఆమెకు అడ్డంగా వచ్చింది.

"ఆయన్నేమీ అనకమ్మా. ఆయన చూసొస్తానన్నాడు. నేనే అక్కర్లేదన్నాను. నాకు ఆ బోగీ సంగతి తెలీదు. తెలీకుండానే చెప్పాను. రెండూ పైవే. అమ్మమ్మ కూర్చోలేకపోతోంది."

అమ్మ బిగించిన కొంగు వదిలేసింది. అతను తన తల్లి వైపు చూసి తల దించుకున్నాడు. అటు నడవలేని మనిషి, ఇటు చూపు లేని మనిషి, ఎదురుగా పచ్చి బాలింత. ఎవరిని లేపి ఎవరిని పడుకోబెడతారు?

నాలుగో నంబరు మీద పడుకున్న ముసలావిడ లేచి కూర్చుంది.

"ఒరే, నాకు కళ్ళు పోయాయిగానీ కాళ్ళు పోయాయట్రా? ఇంతమంది ఇంత తంటాలు పడుతున్నారు. నన్నొక్కమాట అడిగినవాళ్ళు లేరు. ఆ మధ్య బెర్తు ఎత్తి కట్టు. ఎక్కుతాను. ఆవిణ్ని ఇక్కడికి తీసుకురండి."

"అమ్మా, నువ్వెలా..."

"చేతులు లేవా తడుముకోడానికి? నువ్వు పోయి ఆ పన్నెండులో పడుకో."

"రైలు ఆగితేగానీ మా అమ్మను తీసుకురాలేం" అంది అమ్మ నీరసంగా. "వచ్చే స్టేషను చాలా దూరమట."

అప్పటిదాకా అమ్మమ్మ ఆ కడ్డీ పట్టుకుని కూర్చోవలసిందే. లెక్కలమ్మ కళ్ళు తుడుచుకుంది.

అతను మధ్య బెర్తును పైకెత్తి గొలుసులు తగిలించాడు. ముసలావిడ నిలబడి, గాలిలో చెయ్యి చాపింది.

"ఏదీ, ఆ లెక్కల పిల్ల? ఈ నిచ్చెనకు మెట్లెన్నమ్మా?"

తను ఇందాక ఎక్కి దిగిన నిచ్చెనే అది. జవాబు నాలుక చివరికి వచ్చింది. లెక్కలమ్మ దాన్ని మింగేసింది.

"ఉండండి మామ్మగారూ. చూసి చెప్తాను."

మోకాళ్ళ మీద కూర్చుని, అన్నిటికంటే కింద ఉన్న మెట్టు మీద చెయ్యి పెట్టింది.