ఎర్ర పిడి

టిప్పర్ హెడ్‌లైట్లు టక్కున ఆరిపోతాయి.

ఇంజన్ మాత్రం ఆగదు!

వానలో, క్వారీలోకి దిగే మట్టిరోడ్డు మీద తన పాత అతుకుల గొడుగేసుకుని నడుస్తున్న సున్నా సార్ చటుక్కున వెనక్కి తిరుగుతాడు. ఇంత మసక చీకట్లో లైట్లార్పి బండి తోలుతున్నాడంటే వాడికి కావలసింది దారి కాదు.

తను!

పక్కకి దూకుతాడు.

మోకాలు రాయికి కొట్టుకుని ప్రాణం జివ్వుమంటుంది. బురద పట్టిన చక్రాలు చెంప పక్కనుంచి... ఒకటి... ఇంకోటి... దాటిపోతాయి. గొడుగు వాటికింద పడి నుజ్జయిపోతుంది.

పోతే పోయింది వెధవ గొడుగు.

బండి దిగువ మలుపు దగ్గర ఆగుతుంది. అంతలోనే రివర్స్ హారన్...

కీక్... కీక్... కీక్...

వెనక్కొస్తున్నాడు!

లేచి పరిగెడతాడు. యాభై దాటిన ఒళ్ళు. ఊపిరి గొంతులోనే కొట్టుకుంటోంది. రోడ్డు వదిలేసి కంకర గుట్టల్లోకి పడతాడు. రాళ్ళు కాళ్ళకింద జారుతున్నాయి. చెప్పు ఒకటి ఊడిపోతుంది. దానికోసం ఆగేంత పిచ్చివాడు కాదు.

సున్నా సార్... అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. కాంట్రాక్టర్లు కడుపుమండి పెట్టుకున్న పేరు.

ఆయన ఇన్సూరెన్స్ సర్వేయర్. ఎక్కడ క్రేన్ కూలినా, రోలర్ తగలబడినా, మిక్సర్ మాయమైనా ముందు ఈయన వెళ్ళి చూడాలి. పాలసీ ప్రకారం ఎంత ఇవ్వాలో రాయాలి. ఈయన చాలాసార్లు రాసేది ఒకటే... సున్నా. లంచం గడ్డి తినే మనిషి కాదు. సైట్‌లో ఇచ్చే టీ కూడా ముట్టుకోడు. ఇలాంటివాణ్ణి ఎవడు ఇష్టపడతాడు చెప్పండి? కాంట్రాక్టర్లకి పడదు. ఆఫీసులో పడదు. చివరికి కట్టుకున్నదానికి కూడా పడదు.

కట్టుకున్నదానికి పడకపోవడానికి వేరే కారణం ఉంది.

చిన్నోడు.

ఆవిడ తమ్ముడు. తల్లి పోయాక అక్క చేతిలోనే పెరిగాడు. సున్నా సార్ దగ్గరుండి వాడికి మెషీన్ నేర్పించాడు. మట్టి తవ్వే పొక్లెయిన్ మీద వాడి చెయ్యి పడిందంటే మట్టి మాట వినేది. ఎవరెవరి మెషీన్ల మీదో చెమటోడ్చి, చివరికి సొంతంగా ఒక పాత మెషీన్ కొనుక్కున్నాడు. ఆ రోజు ఇంట్లో వాడి సంబరం అంతా ఇంతా కాదు!

ఏడాది తిరక్కుండా అది కాలిపోయింది.

బావమరిది మెషీన్ బావ చూడకూడదు. అది రూలు. వేరే సర్వేయర్ వెళ్ళాడు. వెళ్ళేముందు మర్యాదకి అడిగాడు.

"ఏమైనా చెప్పాలా సార్?"

ఏమీ లేదంటే సరిపోయేది. నోరు మూసుకుంటే సరిపోయేది! కానీ ఈ మహానుభావుడు ఊరుకుంటాడా?

"వైరింగ్ చూడండి. వాడు ఎక్స్‌ట్రా లైట్లు పెట్టించాడు" అన్నాడు.

బయటినుంచి నిప్పు తగిలితే పాలసీ ఇస్తుంది. లోపలి వైరు కాలితే ఇవ్వదు.

సున్నా!

చిన్నోడు మళ్ళీ పరాయివాళ్ళ మెషీన్ ఎక్కాడు. అక్క మొగుడితో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, మాట కలిపేది కాదు.

టిప్పర్ గుట్టల మధ్యకి తిరుగుతోంది. లైట్లు మళ్ళీ వెలిగాయి. వెతుకుతున్నాడు!

ఎదురుగా గట్టుమీద నల్లగా, నీళ్ళోడుతూ ఓ ఆకారం. మధ్యాహ్నం క్రేన్‌తో నీళ్ళలోంచి పైకి లాగించిన పొక్లెయిన్. సున్నా సార్ అది నడిచే రెండు ఇనప చైన్ల మధ్య ఖాళీలోకి పాక్కుంటూ దూరతాడు. బురద. డీజిల్ కంపు. పైనుంచి చుక్క చుక్కగా నీళ్ళు మెడమీద పడుతున్నాయి.

మొన్న వానకి గట్టు కూలిందట. పనిలో ఉన్న పొక్లెయిన్ క్వారీ నీళ్ళలో పడిందట. నడుపుతున్న ఆపరేటర్ దాంతోపాటే పోయాడట. కాంట్రాక్టర్ చెప్పిన కథ అది.

ఆ ఆపరేటర్ చిన్నోడు.

చాలా రోజుల తర్వాత పెళ్ళాం నోరు విప్పింది.

"మీరే వెళ్ళండి. శవమైనా సరే, నా తమ్ముణ్ణి తీసుకురండి. ఉత్త చేతుల్తో మాత్రం గడప తొక్కకండి."

రూలు ఈసారి తుంగలో తొక్కాడు. బావమరిది అన్న సంగతి ఆఫీసులో చెప్పలేదు. వచ్చాడు. ఈతగాళ్ళు నీళ్ళన్నీ గాలించారు. శవం దొరకలేదు. క్రేన్ మెషీన్‌ని లాగి గట్టుమీద పెట్టింది. సున్నా సార్ కేబిన్ ఎక్కాడు.

ఎక్కి... బిగుసుకుపోయాడు.

సీటుకి ఎడమ పక్కన సేఫ్టీ లీవర్. ఎర్ర పిడి.

అది పైకి లేచి ఉంది!

పిడి కింద ఉంటేనే మెషీన్ కదులుతుంది. పైకెత్తితే అంతా చచ్చినట్టు పడుంటుంది. అడుగు వెయ్యదు, చెయ్యి లేపదు. పని చేస్తున్నవాడు దాన్ని ఎత్తడు. దిగిపోయేవాడే ఎత్తుతాడు.

అంటే గట్టు కూలినప్పుడు చిన్నోడు లోపల లేడు!

మెషీన్ అంచున ఆపాడు. పిడి ఎత్తాడు. దిగాడు. తర్వాత ఇంకో బండితో నెట్టారు. పాత మెషీన్ మరి. అరిగిపోతే పాలసీ రూపాయి ఇవ్వదు. మునిగిపోతే ఇస్తుంది. మనిషి కూడా పోయాడంటే ఎవడూ అనుమానించడు.

వాడు బతికే ఉన్నాడు! సున్నా సార్‌కి కేబిన్‌లోనే ఏడుపొచ్చింది. వెనకే గుండెలో రాయి పడింది. బతికున్నాడు సరే... ఈ పిడి ఇలా ఉంటే రేపు జైల్లో ఉంటాడు.

కిందకి చూశాడు. కాంట్రాక్టర్ గొడుగుకింద నిలబడి ఇటే చూస్తున్నాడు. పక్కన వాచ్‌మన్. గేటు పక్క మందుగుండు గదికి కాపలా ఉండేవాడు, కుర్చీకి ఎప్పుడూ తుపాకీ ఆనించి ఉంటుంది.

సున్నా సార్ వాళ్ళకి వీపు తిప్పాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చెయ్యని పని చేశాడు. చెయ్యి చాచి...

ఎర్ర పిడిని కిందకి నొక్కేశాడు!

"ఏంటి సార్ అంతసేపు? ఏమైనా కనిపించిందా?" కాంట్రాక్టర్ నవ్వుతూనే అడిగాడు.

"ఏం లేదు."

అబద్ధం అలవాటు లేని మొహం. వాడికి అర్థమైపోయింది. ఏదో చూశాడని అర్థమైంది గానీ, ఏం చేశాడో అర్థం కాలేదు.

ఇంటికి వెళ్ళినట్టే గేటు దాటి, అందరూ పోయాక తిరిగొచ్చాడు సున్నా సార్. చిన్నోడు ఇక్కడే ఎక్కడో దాక్కుని ఉంటాడు. వెతికి, చెవి మెలేసి ఇంటికి లాక్కుపోదామని వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ ఖాళీగా ఉంది. తుపాకీ కూడా లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

రాలేదు.

ట్రింగ్... ట్రింగ్...!

జేబులో ఫోన్! పైప్రాణాలు పైనే పోతాయి. తడి వేళ్ళతో తీస్తాడు. స్క్రీన్ మీద 'ఇల్లు'.

కట్ చేస్తాడు.

ఆలస్యమైపోయింది. టిప్పర్ ఇటే తిరుగుతోంది!

పోలీసులకి ఫోన్ చెయ్యొచ్చు. వస్తారు. వచ్చి మొదట అడిగేది చిన్నోడి గురించే. వద్దు. ఫోన్ పిడికిట్లో బిగించి ఊపిరి బిగబడతాడు.

టిప్పర్ వచ్చి ఆగుతుంది. అంత దగ్గరగా! చక్రం మీది బురద వాసన కూడా తెలుస్తోంది. తలుపు తెరుచుకుంటుంది. రెండు గమ్ బూట్లు నేలమీద దిగుతాయి. అతని చేతిలోంచి తుపాకీ గొట్టం మోకాలి దాకా వేలాడుతోంది.

బూట్లు రెండడుగులు ఇటు వేస్తాయి...

ఆగుతాయి.

వెనక్కి వెళ్తాయి!

ఓ చెయ్యి కిందకొచ్చి, నేలమీదున్న రాయి తీసి, వెనక చక్రం కింద పెడుతుంది. ఓ బూటు గట్టిగా ఓ తాపు తన్ని, రాయి కూర్చుందో లేదో చూస్తుంది.

సున్నా సార్ ఆ రాయి వంకే చూస్తాడు.

మనిషిని చంపడానికి వచ్చినవాడు చక్రానికి రాయి పెడతాడా? ప్రపంచంలో ఒక్కడే పెడతాడు. పెట్టకుండా దిగితే బావ వీపు చిట్లగొడతాడని భయపడుతూ పని నేర్చుకున్నవాడు! 'దిగేముందు లీవర్ ఎత్తు. చక్రానికి రాయి పెట్టు. మనం సాయంత్రం ఇంటికి రావాలిరా' అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే నేర్చుకున్నవాడు!

"చిన్నోడా!"

మోకాలు మర్చిపోయి, చైన్ల మధ్యనుంచి బయటికి పాకేస్తాడు.

"ఒరేయ్... బతికే ఉన్నావురా! మీ అక్క అన్నం మానేసి కూర్చుందిరా! నేనూ..."

చేతులు చాచి ముందుకొస్తాడు.

వాచ్‌మన్ తుపాకీ లేస్తుంది.

"అక్కడే ఆగండి బావా."

వానలో వాడి మొహం. గడ్డం పెరిగింది. కళ్ళు పీక్కుపోయాయి.

"టిప్పర్ తోలింది... నువ్వా?"

చిన్నోడు మొహం మీది వాన నీళ్ళు భుజంతో తుడుచుకుంటాడు.

"గొడుగు చూసి కూడా గుర్తుపట్టలేదా నన్ను?"

"గొడుగు చూసే లైట్లార్పాను. మీ మొహం కనిపిస్తే నా వల్ల కాదని."

సున్నా సార్ చాచిన చేతులు దించేస్తాడు.

"మీరెందుకొచ్చారు బావా? సర్వేకి ఇంకెవరో వస్తారన్నాడు కాంట్రాక్టర్. ఇంకెవరైనా అయితే కిందనుంచి నాలుగు ఫొటోలు తీసుకుని పోయేవాళ్ళు. ఆ బురద కేబిన్ ఎక్కేది మీరొక్కరే! మీరేదో చూశారని కూడా వాడే చెప్పాడు. లీవర్ చూశారు కదా?"

"చూశాను."

"చెయ్యి దానంతటదే పోయింది బావా! ఎత్తానని కూడా తెలీదు. మెషీన్ నీళ్ళలో పడ్డాక గుర్తొచ్చింది. ఛీ! మీరు నేర్పిన అలవాటే!"

"ఎందుకురా ఈ పని?"

"సొంత మెషీన్ ఇస్తానన్నాడు. వేరే ఊళ్ళో. మీరు ఆ రోజు ఒక్క మాట మింగేసి ఉంటే... నా మెషీన్ నాకుండేది కదా! బయటివాడు కాదు, సొంత బావ! నా నోటి దగ్గర కూడు లాగేశారు!"

ఈ మాటకి జవాబుంటే సున్నా సార్ ఇంట్లో ఆవిడకే చెప్పుకునేవాడు.

"ఇంకెవరు చూశారు?"

"నేనొక్కణ్ణే."

తుపాకీ ఇంకా సున్నా సార్ మీదే ఉంది. చెప్పొచ్చు. పిడి కిందకి నొక్కేశానురా, నీ దారికి అడ్డం లేదురా, అని ఒక్క మాట చెబితే చాలు! నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

చెప్పడు!

తుపాకీ చూపిస్తే చెప్పే మాటా అది? ప్రాణభయంతో చెప్పినట్టుండదూ? వాడు ముందు దాన్ని దించాలి. బావ కదా అని, తనంతట తాను దించాలి. అప్పుడు భుజం మీద చెయ్యేసి చెబుతాడు. ముసలి పౌరుషం. ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ పనికిరాదో దానికి తెలీదు.

"దించరా" అంటాడు మెల్లగా. "ఇంటికి పోదాం."

గొట్టం కొంచెం కిందకి దిగుతుంది. ఇంకొంచెం...

"రేపు ఏం రాస్తారు బావా?"

"నువ్వే చెప్పు. ఏం రాస్తాననుకుంటున్నావ్?"

చిన్నోడు ఏడుపు మొహంతో నవ్వుతాడు.

"సున్నా."

ఢాం!

కంకర గుట్టల్లో చప్పుడు తిరిగి తిరిగి వస్తుంది. సున్నా సార్ పొక్లెయిన్ చైన్‌కి జారగిలబడి, అలాగే కిందకి జారిపోతాడు. చేతిలోని ఫోన్ బురదలో పడుతుంది. కడుపు దగ్గర వెచ్చగా ఉంది. వాన చల్లగా ఉంది.

"కేబిన్... చూడరా..."

"ఏంటి?"

"ఎక్కి... చూడు."

చిన్నోడు సెల్ లైటు వేసుకుని పైకి ఎక్కుతాడు. లోపల వెలుగు అటూ ఇటూ తిరుగుతుంది. ఒక చోట ఆగుతుంది. చాలాసేపు అక్కడే ఆగిపోతుంది.

ఎర్ర పిడి కిందకి నొక్కేసి ఉంది.

"బావా...!"

ఆ కేక విని సున్నా సార్‌కి నవ్వొస్తుంది. నవ్వితే నొప్పి చంపేస్తోంది. చిన్నోడు మెట్టు చూసుకోకుండా దూకి, బురదలో మోకాళ్ళ మీద పడతాడు. రెండు చేతులూ పెట్టి ఆ కడుపు అదుముతాడు. రక్తం వేళ్ళ సందుల్లోంచి వచ్చేస్తోంది.

"ఎందుకు చెప్పలేదు బావా? ముందే ఎందుకు చెప్పలేదు? బావా! మాట్లాడండి బావా!"

ట్రింగ్... ట్రింగ్...

బురదలో ఫోన్ వెలుగుతుంది. 'ఇల్లు'.

చిన్నోడి చెయ్యి ఫోన్ మీదకి వెళ్తుంది. బొటనవేలు స్క్రీన్‌కి తగలబోయి, గాల్లోనే ఆగిపోతుంది. వాడు మొన్ననే చచ్చిపోయాడు. చచ్చిపోయినవాడు అక్క ఫోన్ ఎత్తకూడదు.

ఎత్తాల్సిన మనిషికి చెయ్యి లేవడం లేదు.

అటువైపు ఆవిడ పెట్టెయ్యదు. ఫోన్ మోగుతూనే ఉంటుంది.