బట్టీ పేరంటాలు

భిలాయిలో క్యాంప్ 2 బస్తీ దాటి సంతకు పోయే దారిలో పాడుబడ్డ ఇటుకల బట్టీ ఒకటి ఉండేది. చీకటిపడ్డాక మగాళ్ళు కూడా అక్కడ సైకిలు ఆపేవారు కాదు. అక్కడ తిరిగే ఆడదెయ్యాన్ని ఛత్తీస్‌గఢీ కూలీలు పరేతిన్ అనేవారు, మన తెలుగువాళ్ళు బట్టీ పేరంటాలు అనేవారు. ఉక్కు ప్లాంటువాళ్ళు కొలిమిలో కరిగిన చిట్టెం, అదే స్లాగు, పారబోసి ఆకాశం ఎర్రబడ్డప్పుడు ఆవిడ కనిపిస్తుందట... ముఖం నిండా పసుపు, రూపాయి కాసంత బొట్టు, మడత నలగని కొత్త చీర. పుణ్యస్త్రీగా పోయిన మనిషిని ఎలా ముస్తాబు చేసి సాగనంపుతారో, అచ్చం అలాగే. నోరు మాత్రం విప్పదట.

ఆ దెయ్యాన్ని పుట్టించింది ఎవరో సూర్యావతికి తెలుసు. ఆమె సొంత అక్క అచ్చమ్మ!

పుట్టించక ఏం చేస్తుంది పాపం? అక్కచెల్లెళ్ళను అన్నదమ్ములకే ఇచ్చారు. ఒకే ఇంటి కోడళ్ళయితే ఎప్పటికీ విడిపోరని విజయనగరంలో వాళ్ళమ్మ ముచ్చటపడింది. పెద్దవాడు అప్పలసూరిది రైల్వే పని, కాపురం భిలాయి-3లో. చిన్నవాడు నూకరాజు ప్లాంటులో చేరి క్యాంప్ 2లో గది తీసుకున్నాడు. ఊళ్ళో వాళ్ళ తండ్రి పోయినప్పుడు, పెద్దవాడు ఎక్కిన రైలు చేరేలోగా చిన్నవాడు తలకొరివి పెట్టేశాడు. అంతే, అక్కడితో తెగిపోయింది.

పరువు పోతుందని బయటికి పొక్కనివ్వలేదు. నలుగురిలో ఉంటే భుజాలమీద చేతులేసుకునేవారు, ఒకరి గడప ఒకరు తొక్కేవారు కాదు. "నా ఇంట చావైనా వాడికి కబురు పంపను" అని పెద్దవాడు ఒట్టు పెట్టుకున్నాడు. "కబురు రాకుండా నేను కదలను" అని చిన్నవాడి పంతం. మగాళ్ళకేం, షిఫ్టులున్నాయి, స్నేహితులున్నారు. ఒక్క గదిలో పొద్దస్తమానం గోడలు చూస్తూ కూర్చునే సూర్యావతికి ఎవరున్నారు? హిందీ ముక్క రాదు. పిల్లలు లేరు. తనను పేరు పెట్టి పిలిచే ఆ ఒక్క గొంతు కోసం మొహం వాచిపోయింది.

అందుకే సంత రోజున ఇద్దరూ కూరల సంచులతో బట్టీ గోడ వెనక చేరేవారు. దీపం పెడితే పట్టుబడతారు. ఆకాశం ఎర్రబడేదాకా ఆగి, ఆ కాస్త వెలుగులో ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. ఎవరూ ఇటు రాకుండా అచ్చమ్మే ఆ పేరంటాలి కథ అల్లి, సంతలో కూరలమ్మే ఆడవాళ్ళ చెవిన వేసింది. "మనల్ని ఎవులు సూసినా దెయ్యమనుకుంతారే" అని తెగ నవ్వేది.

ఆ చలికాలం ఓ సంత రోజున పొద్దు తొందరగా కుంగింది. సూర్యావతి వెళ్ళేసరికి గోడ వెనక అక్క లేదు. చలి... దూరంగా గూడ్సుబండి కూత... ఈ వారం రాదేమోనని కొంగు కప్పుకుని దారివైపే చూసింది.

అంతలో ఆకాశం భగ్గున ఎర్రబడింది.

గోడవతల అచ్చమ్మ నిలబడి ఉంది. ముఖం నిండా పసుపు... రూపాయి కాసంత బొట్టు... మడత నలగని కొత్త చీర...

సూర్యావతి బిగుసుకుపోయింది. మరుక్షణం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కడుపుబ్బ నవ్వింది.

"ఓలప్పా! ఎంత బాగా ఏసినావే ఏసం! నన్నే బయపెడదావనా?"

అచ్చమ్మ పలకలేదు.

"సాల్లే... రా, కూకో. నీకోసం సేగోడీలు తెచ్చినాను."

చెయ్యి సాచింది. అచ్చమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. చెల్లెల్ని తలనుంచి పాదాలదాకా తీరిగ్గా చూసింది... వెలుగు ఆరిపోయింది. సూర్యావతి తడుముకుంటూ గోడ దాటి వెళ్ళేసరికి అక్కడ ఎవరూ లేరు.

బావ త్వరగా రమ్మని ఉంటాడులే అనుకుంది. దారంతా నవ్వుకుంటూనే వచ్చింది. చాన్నాళ్ళకి మనసు తేలికపడింది.

వీధి కుళాయి దగ్గర నూకరాజు కట్టుబట్టలతో తలమీద చెంబులు దిమ్మరించుకుంటున్నాడు.

"ఈ సలిలో తానమేటి?"

"మసి."

"మసికి సొక్కా ఇప్పకుండా పోసుకుంతారేటి?"

నూకరాజు చెంబు దించాడు. ఆమె ముఖం చూడలేకపోయాడు.

"నువ్వూ తలకి పోసుకో," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవుల్తోనూ అనొద్దు... మనకి కబురు రానేదు. గేటుకాడ రైల్వేవోళ్ళు సెప్పుకుంతంటే ఇన్నాను. మీ అప్పకి... తెల్లారగట్ల గుండి నొప్పంట. మజ్జానానికే శివనాథ్ ఏటి ఒడ్డున... అయిపోనాది."

సూర్యావతికి ఏడవడానికి కూడా వీల్లేకపోయింది. పక్కగదివాళ్ళు అడిగితే ఏం చెబుతుంది, రాని కబురుకి ఏడుస్తున్నానంటుందా? చెంబు తర్వాత చెంబు తలమీద గుమ్మరించుకుంది. ఆ నీళ్ళ చప్పుడులోనే ఎంత ఏడవాలో అంతా ఏడ్చింది. చేగోడీల పొట్లం కూరల సంచిలో అలాగే ఉంది.

ఆ తర్వాత ప్రతి సంతకీ సూర్యావతి బట్టీ దగ్గర ఆగేదని చెబుతారు. అందరూ ఏది కనిపిస్తుందోనని హడలిపోయేవారో, దానికోసమే గోడకు ఆనుకుని కూర్చునేది. ఆకాశం ఎర్రబడేది. గోడవతల ముళ్ళకంప తప్ప ఏమీ కనిపించేది కాదు.

"అప్పా..." అని గుసగుసగా పిలిచేదట. "ఈపాలి నవ్వనే... ఒక్కసారి బయపెట్టవే."