గాలి తప్పు కాదు

2068 నాటికి ఎర్రగట్టు మీద గాలిని కంటితో చూడటం ఎవరికీ వింత కాదు. హెల్మెట్ అద్దం దించుకుంటే చాలు, సముద్రం మీంచి వచ్చే గాలి గట్టుకు కొట్టుకుని పైకి లేవడం పచ్చటి తెరలా కనిపించేది. పారాగ్లైడర్లు తేలేది ఆ లేచే గాలి మీదే. అదే గాలి జోరెక్కితే మనిషిని గట్టు వెనక్కి, సుడిలోకి విసిరేస్తుంది. అలాంటప్పుడు అద్దమంతా ఎర్రబడేది.

ఈ పరికరం పేరు గాలిదర్శిని. గాలిలోని ఉప్పు రేణువుల మీదికి లేజర్ కాంతి పంపి, తిరిగొచ్చిన వెలుగును బట్టి పావుగంట ముందే గాలి తీరు చెబుతుంది. కనిపెట్టింది డాక్టర్ నూకరత్నం. ముప్పై ఏళ్లుగా పిడికెడు ఇసుక జారవిడిచి, గాలి చూసి, ఒక్కొక్కరినీ ఎగరనిచ్చిన గనగళ్ల తాతారావుతో ఇక పనిలేకపోయింది. ఆమే శాలువా కప్పి ఆయన్ని సాగనంపింది. ఆ పూట తనకు కాస్త గర్వంగానే అనిపించిందని తర్వాత ఆమే ఒప్పుకుంది.

ఏడు నెలలకు ఆమె తమ్ముడు కామేశ్వర్, గట్టు మీంచి ఎగిరిన నిమిషంలోనే కింద రాళ్ల మీద పడి చనిపోయాడు. గాలి కుదుపుకు జారిపడ్డాడన్నారందరూ.

కర్మకాండ అయిన మర్నాడే నూకరత్నం ల్యాబ్‌కు వెళ్లింది. తప్పు యంత్రానిదే కావాలని ఎంతో కోరుకుంది. యంత్రాన్నయితే బాగుచేసుకోవచ్చు.

"ఆ పూట గాలి ఎలా ఉంది?" అని గాలిదర్శినినే అడిగింది.

"గంటకు పద్దెనిమిది కిలోమీటర్లు. కుదుపే లేదు," అంది గాలిదర్శిని.

"మరి ఎలా పడ్డాడు?"

"ఛాతీ పట్టీ పెట్టుకున్నాడు. తొడల పట్టీలు మర్చిపోయాడు. పైకి లేవగానే పట్టీల్లోంచి కిందికి జారిపోయాడు. గట్టు మీది కెమెరాలో ఉంది."

"చూస్తూ కూడా చెప్పలేదా?"

"నా పని గాలి వరకే. పట్టీలు మనుషులు చూసుకుంటారని నా నియమాల్లో మీరే రాశారు."

ఆ సాయంత్రమే ఆమె తాతారావు ఇంటికి వెళ్లింది. ఆయన అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. జరిగింది చెప్పి, "యంత్రానికి పట్టీలు చూడటం కూడా నేర్పిస్తాను. అందాకా మీరు గట్టు మీదికి రండి బాబాయ్," అంది.

తాతారావు వల పక్కన పెట్టాడు.

"ఇసక వదలడం ఎంతసేపమ్మా! మిగతా టైమంతా ఆల్ల పట్టీలు లాగి సూసీవోణ్ని. ముసలోడి సాదస్తమని ఇసుక్కునీవోరు. అదీ నా పనేనని ఎవులూ సెప్పలేదు, నానూ ఎవులికీ సెప్పలేదు."

ఆమెకేసి తిరిగి అడిగాడు. "ఆ బాబు ఎగిరినప్పుడు పక్కన ఎవులూ లేరేటి?"



"నేనున్నాను బాబాయ్. చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉన్నాను. అద్దంలో అంతా పచ్చగా కనిపించింది. వాడికేసి చూడకుండానే వెళ్లరా అన్నాను."