కళ్లు దిద్దే చెయ్యి

ఆ రోజు పొద్దుటికి పటం పూర్తయింది, బొమ్మలకు కళ్లు తప్ప. పట్నంలో ఛత్రినాక అనే బస్తీలోని ఆ రెండు గదుల ఇంట్లో ముప్పై అడుగుల బట్ట గోడ నుంచి గోడకు పరుచుకుని ఉంది. వంటగదిలోకి వెళ్లాలన్నా వరమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గోడవారగా నడవాల్సిందే. ఊరూరా పటం చూపిస్తూ కులకథ చెప్పే వైకుంఠం ఆ రోజే వచ్చి దాన్ని తీసుకుపోతానన్నాడు.

పటం రాసేది బొమ్మలు గీసే నకాషీ కులపు ఆగయ్య అని అందరికీ తెలుసు. నాలుగేళ్లుగా గీత నుంచి రంగు దాకా కోడలు వరమ్మే చేస్తోందన్న సంగతి మాత్రం ఇంటి గడప దాటనివ్వలేదు. ఆగయ్యకు రెండు కళ్లలోనూ పొర కమ్మింది. ఆపరేషన్‌కు పోతే సంగతి బయటపడుతుందని, కథ చెప్పేవాళ్లు ఇంకో ఇల్లు చూసుకుంటారని ఆయన భయం. కళ్లు దిద్దడం మాత్రం వదల్లేదు, అది ఇంటిపెద్ద హక్కు. కొబ్బరికాయ కొట్టి, తడుముకుంటూ దిద్దేవాడు. ఆయన అన్నం తిని పడుకున్నాక వరమ్మ చప్పుడు కాకుండా చెరిపి, మళ్లీ దిద్దేది.

ఆ దాపరికమే ఆమె కాళ్లకు బంధమైంది. జనగామలో తల్లి జారిపడి తుంటి విరిగిందని తమ్ముడు ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి నెల దాటింది. అడిగినప్పుడల్లా ఆగయ్య పటం అయిపోనీ అనేవాడు, ఒకటి అయ్యేలోపు ఇంకోటి ఒప్పుకునేవాడు. మెకానిక్ పని చేసే భర్త సీతారాం, మీరిద్దరే తేల్చుకోండని చెప్పులేసుకునేవాడు. సమయానికి అతనికి చెప్పులు భలే దొరికేవి.

ఆ రోజు వరమ్మ కిరసనాయిలు లైన్‌లో నిలబడి వచ్చేసరికి మామ కళ్లు దిద్దేశాడు. అమ్మవారికి ఒక కన్ను ముక్కు పక్కన, ఇంకోటి చెవి కింద పడ్డాయి. రాజుకు మూడు కళ్లొచ్చాయి. బయట వైకుంఠం దగ్గు వినిపించింది.

"ఎప్పటి లెక్కనే దిద్దు బిడ్డా, జల్ది" అని ఆగయ్య గొణిగాడు.

నాలుగేళ్లుగా వరమ్మ తాను దాచానని అనుకున్నది ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

"తెల్సి గూడ నన్ను మా అమ్మ కాడికి పోనియ్యలే" అంది. "గీ బట్ట మీద అందరికీ కళ్లు పెట్టిన మామా. మా అమ్మను సూసెటందుకు నా కళ్లకు సెలవు లేదు. ఈసారి నేను దిద్ద."

గడపలో నిలబడ్డ వైకుంఠం అంతా విన్నాడు. ఆగయ్య మొహం పాలిపోయింది. ఇంటి పరువు పోయిందని ఆయన గోడకు చేరగిలబడ్డాడు. వైకుంఠం నింపాదిగా లోపలికొచ్చి పటం పక్కన కూర్చున్నాడు.

"ఫికర్ జేయకు పెద్దయ్యా, నాకు ఎప్పుడో ఎరుకైంది. మా నాయిన పటంల అమ్మవారు రాజు దిక్కు సూసేది. మొన్న మా తమ్మునికిచ్చిన దాంట్ల కథ వినే ఆడోళ్ల దిక్కు సూస్తది. ముందట కూసున్నోళ్లు ఊకె ఏడుస్తున్నరు. గది నీ చెయ్యి గాదు."

ఎవరికి తెలిస్తే బతుకు పోతుందని భయపడ్డాడో, వాళ్లు తెలిసి కూడా మళ్లీ ఈ గడపకే వచ్చారు. ఆ భయంతో కోడలిని ఇన్నాళ్లు కట్టిపడేశానని ఆగయ్యకు తెలిసొచ్చింది. మసకబారిన ఆ కళ్ల నుంచి నీళ్లు కారాయి.

"పటం ఇయ్యాల ఇయ్య వైకుంఠం" అన్నాడు. "కళ్లు పెట్టే మనిషి తల్లిగారింటికి పోతుంది. ఆమె వచ్చినంక రా."

"ఎన్నడొస్తది?"

"నన్ను అడుగుతవేంది? ఆమెనడుగు."

వైకుంఠం వరమ్మ వైపు తిరిగాడు. పెళ్లయి ఆ ఇంటికొచ్చాక, నీకు ఎప్పుడు వీలవుతుందని ఆమెను ఎవరూ అడగలేదు. జవాబు చెప్పబోయి, కొంగులో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.